దక్షిణ సింహద్వారం: వాస్తు ప్రకారమా, ఫెంగ్ షూయి ప్రకారమా?

ప్రశ్న (అనంతపురం):
మేము ఇటీవల దక్షిణ సింహద్వారం గల ఇంట్లోకి మారాము. వాస్తుకు విరుద్ధమని మా అత్తగారు కలత చెందుతున్నారు. చైనా వారి వాస్తు అయిన ఫెంగ్ షూయిలో మాత్రం దక్షిణ ముఖమే శ్రేష్ఠమని చదివాను. ఇంట్లో ప్రశాంతత నిలవాలంటే దేనిని అనుసరించాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

జవాబు (కర్నూలు):
అమ్మా, చైనాలో చలికాలపు గాలులు ఉత్తరం నుంచి వీస్తాయి కనుక, ఇంటి వెనుక కొండ, ముందు ఎండ ఉండేలా దక్షిణ ముఖాన్ని ఎంచుకున్నారు. మనకు బాధ చలి కాదు, వేడి. అయినా మీ ద్వారం గురించి భయపడనవసరం లేదు. అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున, మే నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. దక్షిణపు గోడపై నేరుగా ఎండ పడదు. ఇంటిని నిజంగా కాల్చేది పడమటి గోడ. అటువైపు వేపచెట్టు గానీ వెడల్పాటి సజ్జా గానీ ఉంటే ఎంతో మేలు.

జవాబు (కడప):
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఫెంగ్ షూయిలో నాకు విలువైనదిగా తోచేది పడకగది అమరిక: పడుకున్నవారికి తలుపు కనబడాలి, కానీ మంచం తలుపుకు సూటిగా ఉండకూడదు, అద్దం మంచానికి ఎదురుగా ఉండకూడదు. గుమ్మం దగ్గర చెప్పులు, సామాన్లు పేరుకోనివ్వకండి. లాఫింగ్ బుద్ధ బొమ్మలు కొనడం అవసరమని నేను అనుకోను. తులసికోట, పూజగది ఎక్కడ ఉండాలో మీ అత్తగారినే నిర్ణయించమనండి. ఆవిడ మనసు కుదుటపడటం ఏ దిక్కుకన్నా ముఖ్యం.