‘దాచి వుండనీ’యా, ‘భద్రమై వుండనీ’యా? కంప్యూటరు పాఠం రాస్తుంటే అడ్డుపడిన ఒక చరణం

నెల్లూరు కోడలు:
మా మామయ్యగారి కోసమూ, మా అపార్టుమెంటులోని ఆయన ఈడు పెద్దల కోసమూ, ఇంట్లో కంప్యూటరు వాడుకునే తీరును పెద్ద అక్షరాలతో ఒక చిన్న నోటుపుస్తకంగా రాస్తున్నాను. మూడో పాఠం దగ్గర కలం ఆగిపోయింది. రాసిన ఉత్తరాన్ని సేవ్ చేయడం ఎలాగో చెప్పాలి కదా, దానికి ‘దాచు’ అని రాయాలా, ‘భద్రపరచు’ అని రాయాలా అన్నది నా చిక్కు. కిందటి వారం తెరమీద మనవరాలి ఫొటో పక్కన ‘హైడ్’ అన్న అర్థంలో ‘దాచు’ అని కనిపిస్తే, పదిలంగా ఉంటుందన్న నమ్మకంతో మామయ్యగారు దాని మీద నొక్కారు. ఫొటో కళ్లముందే మాయమైంది. “దాచమంటే పారేసిందేమిటమ్మా?” అని ఆయన సాయంత్రం దాకా దిగులుపడ్డారు. పాఠానికి తలకట్టుగా మా అమ్మమ్మ పాడే అన్నమయ్య కీర్తన “దాచుకో నీ పాదాలకు”లోని చరణం పెడదామనుకున్నాను. మమ్మల్ని కాపాడడానికి ఒక్క సంకీర్తనే చాలునని దేవునితో అన్నాక వచ్చే పాదమది. నాకు గుర్తున్నంతలో అది “తక్కినవి భాండారాన భద్రమై వుండనీ”. ఇదే పాఠమైతే ‘భద్రపరచు’కు అంతకు మించిన ఆమోదం అక్కరలేదు. సరిచూసి చెప్పగలరా?

తెనాలి పంతులు:
అమ్మా, మీ అమ్మమ్మగారి గొంతును శంకించను కానీ ఆ పాఠాన్ని యతి ఒప్పుకోదు. నాలుగు పాదాల మొదళ్లూ వరుసగా చూడండి: ఒక్క, తక్కి, వెక్క, దిక్కై. ప్రాస క్కకారం. ఇక యతి సంగతి. మొదటి పాదంలో ‘ఒక్క’కు ‘ఒద్దికై’, మూడో పాదంలో ‘వెక్కసమగు’కు ‘వెల’, నాలుగో పాదంలో ‘దిక్కై’కి ‘తీరని’ కుదిరాయి. రెండో పాదంలో ‘తక్కినవి’కి కుదరవలసింది త, థ, ద, ధలలో ఒకటి కనుక ఆ చోట ‘దాచి’ తప్ప ‘భద్రమై’ నిలవదు. “తక్కినవి భాండారాన దాచి వుండనీ” అన్నదే పాఠం. ‘భద్రపరచు’కు ప్రమాణం మరెక్కడైనా వెతుక్కోవలసిందే.

రాగిరేకు:
పంతులుగారు యతితో తేల్చేశారు కానీ అసలు ముడి ‘వుండనీ’లో ఉంది. దాచడం సకర్మకం, ఉండడం అకర్మకం. దాచేవాడు దేవుడు, ఉండేవి కీర్తనలు. కర్తలు వేరైనప్పుడు ‘దాచి’ అన్న క్త్వార్థకం (ఒకే కర్త చేసే రెండు పనుల్లో ముందుదాన్ని చెప్పే రూపం) ఎలా పొసగుతుంది? అందుకే కొందరు పాడేటప్పుడు ‘దాచి వుంచనీ’ అని దిద్దుకుంటారు.

తెనాలి పంతులు:
ఆ దిద్దుబాటు అక్కరలేనిది. “తలుపు వేసి ఉంది”, “అన్నం వండి ఉంది”, “డబ్బు బీరువాలో దాచి ఉంది” అని మనం రోజూ అంటూనే ఉంటాం. వేసింది తలుపు కాదు, వండింది అన్నమూ కాదు. పని ముగిసిన తరువాతి స్థితిని చెప్పడానికి తెలుగుకు సహజంగా అబ్బిన నుడికారమిది. పైగా ‘ఉంచనీ’ అంటే ఎవరినో ఉంచనివ్వమని మరెవరినో అడిగినట్లవుతుంది, ఆ ఎవరో కీర్తనలో లేరు.

గోదారిగట్టు:
నాదొక ఊహ. ‘వుండనీ’ని విడదీసి ‘వుండ’ దగ్గర ఆపి, ‘నీ’ని తరువాతి పాదానికి కలిపితే “నీ వెక్కసమగు నామము” అని హాయిగా అన్వయిస్తుంది కదా?

తెనాలి పంతులు:
తరువాతి పాదం “వెక్కసమగు నీ నామము” అని తన ‘నీ’ని తానే వెంట తెచ్చుకుంది. మీ ఊహ ప్రకారం అక్కడ రెండు ‘నీ’లు పోగవుతాయి.

వరంగల్లు డీటీపీ:
వ్యాకరణం నాకు అంతగా రాదు కానీ, దాచడానికీ పోగొట్టుకోవడానికీ మధ్యనున్న తేడాను మా దుకాణంలో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను కనుక ఒక సంగతి చెబుతాను. మొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఏడుపు మొహంతో పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. ఎక్కడో ప్రింటు తీయించుకుని ఇంటికి వెళ్లి చూసుకుంటే, తాను రాసుకున్న పద్యాల ఫోల్డర్లన్నీ పోయి, అదే పేరుతో మూలన చిన్న బాణం గుర్తున్న షార్ట్‌కట్ ఒక్కటే మిగిలింది. ఆ డ్రైవ్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే, వాడిన జాగా మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తున్నది. అంటే సరుకు ఎక్కడికీ పోలేదు, వైరస్ దాన్ని దాపెట్టింది. మా దిక్కు ‘దాపెట్టు’ అంటే కనబడకుండా చేయడమే, పదిలపరచడం కాదు.

ఇటువంటప్పుడు చేయకూడని మొదటి పని ఆ షార్ట్‌కట్‌ను తెరవడం. రెండోది, పెన్‌డ్రైవ్ ఖాళీ అయిందనుకుని ఫార్మాట్ కొట్టడం. ముందుగా యాంటీవైరస్‌తో స్కాన్ చేయించాలి. ఆ తరువాత విండోస్ 11లోనైతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో హిడెన్ ఐటెమ్స్ అన్నదానికి టిక్కు పెట్టాలి; విండోస్ 10లో వ్యూ పట్టీలోనే ఆ గడి ఉంటుంది. అప్పుడు ఫోల్డర్లు కొంచెం వెలిసిన రంగుతో కనిపిస్తాయి. అయినా కనబడకపోతే వాటికి సిస్టమ్ గుర్తు కూడా తగిలించారని అర్థం. తెలిసినవారి చేత కమాండ్ ప్రాంప్టులో అట్రిబ్ ఆదేశం ఇప్పించి హిడెన్, సిస్టమ్ అనే రెండు గుణాలనూ తీసివేయిస్తే సరిపోతుంది. మాస్టారి పద్యాలు పది నిమిషాల్లో బయటపడ్డాయి. కోడలమ్మగారూ, మీ నోటుపుస్తకంలో ఈ సంగతికి ఒక పుట కేటాయించండి. ఏ మాట రాసినా సరే, ‘దాచు’ అని మాత్రం రాయవద్దని నా మనవి.

రాగిరేకు:
డీటీపీగారి పెన్‌డ్రైవ్ కథ వింటుంటే నాకు అన్నమయ్య సంకీర్తనలున్న తాళ్లపాక అర గుర్తుకు వచ్చింది. ఆ సంకీర్తనలూ పోలేదు, కనబడలేదంతే. మొత్తం 32 వేల సంకీర్తనలని అన్నమయ్య మనుమడు చిన్నన్న చెప్పాడు. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీదికెక్కి, తిరుమల గుడిలోని రాతి అరలో చేరి, ఎవరికీ పట్టకుండా ఉండిపోయి, 1922లో మళ్లీ లోకం కంటపడ్డాయి. ‘దాచి వుండనీ’ అన్న మాటకు రెండు అర్థాలూ అక్కడ ఒక్కచోటే నిజమయ్యాయి.

తెనాలి పంతులు:
‘లోకం కంటపడ్డాయి’ అనడంలో చిన్న సవరణ ఉంది. కాంప్‌బెల్ దొర 1816లో అచ్చువేసిన తన తెలుగు వ్యాకరణంలోనే తిరుపతి రాగిరేకుల ప్రస్తావన చేశాడు. వాటి మీద కావ్యాలున్నాయని విని ఆశతో ఒక మనిషిని పంపి వెతికిస్తే, నకలు రాయించుకున్న ఒక వ్యాకరణ గ్రంథం తప్ప, తీరా చూస్తే అన్నీ దేవుని మీది పాటలే. కావలసిన ఫైలు కోసం వెతుకుతూ, చేతికి వచ్చిన వేల ఫైళ్లను పక్కకు నెట్టినవాడు ఆయన. వాటిని పరిష్కరించి అచ్చువేయించిన వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి చేతిలో పడే దాకా వాటికి మోక్షం కలగలేదు.

నెల్లూరు కోడలు:
పాఠం తేలినందుకు సంతోషం, పంతులుగారికి నమస్కారం. అయితే నా ప్రశ్న ఇప్పుడు మరింత బిగుసుకుంది. అన్నమయ్య ‘దాచి’ అన్నాడు కనుక ‘దాచు’ రాయాలనిపిస్తుంది. డీటీపీగారి మాట విన్నాక, మామయ్యగారి ఫొటో గుర్తుకు వచ్చాక, చేయి వెనక్కి పోతుంది.

ఫ్రిమాంట్ తెలుగాయన:
పల్లవిని అందరూ ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. “దాచుకో నీ పాదాలకు దగ నే జేసిన పూజలివి” అన్నాడు కానీ “దాచు నీ పాదాలకు” అనలేదు కదా. ఆ ‘కో’లోనే కిటుకంతా ఉంది. “డబ్బు దాచాడు” అంటే ఎవరికంటా పడకుండా పెట్టాడని మొదట తోస్తుంది. “డబ్బు దాచుకున్నాడు” అంటే రేపటికని కూడబెట్టాడని. కనుక కనబడకుండా చేసేదానికి ‘దాచు’, పదిలపరిచేదానికి ‘దాచుకో’ అని నోటుపుస్తకంలో విడివిడిగా రాస్తే రెండు పనులకూ రెండు మాటలు దొరుకుతాయి, మామయ్యగారికి దిగులూ తప్పుతుంది.

గోదారిగట్టు:
“దొంగ సొమ్ము దాచుకున్నాడు” అన్నప్పుడు వాడు చేసింది పొదుపా?

రాగిరేకు:
అంతకంటే పెద్ద ఇబ్బంది, ఆ ‘కో’ ఎవరిని ఉద్దేశించినది అన్నది. కీర్తనలో భక్తుడు దేవునితో ‘నీ కోసం ఉంచుకో’ అంటున్నాడు. కంప్యూటరుతో మామయ్యగారు ‘దాచుకో’ అంటే, ఉత్తరాన్ని అది తన కోసం అట్టిపెట్టుకుంటున్నట్టు. ఒకవేళ కంప్యూటరే మామయ్యగారికి చెబుతున్నదనుకుంటే ‘దాచుకోండి’ అని ఉండాలి. ఆ వయసువారిని యంత్రం ఏకవచనంలో పిలిస్తే బాగుండదు.

ఫ్రిమాంట్ తెలుగాయన:
ఏకవచనం మాటకేమి, అన్నమయ్య వేంకటేశ్వరుణ్ణే ‘నీ’ అన్నాడు.

వరంగల్లు డీటీపీ:
మీరు మాట తేల్చేలోపు ఆమె నోటుపుస్తకం అచ్చుకు పోతుంది. నా అనుభవంలో పెద్దవారికి మాట కన్నా వేళ్ల అలవాటు ముఖ్యం. కంట్రోల్ మీటను ఎడమచేతి చిటికెనవేలితో అదిమిపట్టి ఎస్ నొక్కమని, పేరా పేరాకు అలా చేయమని చెప్పండి. మొదటిసారి నొక్కినప్పుడు పేరు అడుగుతుంది కదా, అక్కడే అందరూ తడబడతారు. పేరుకు ముందు ఏడాది, నెల, తేదీ ఆ వరుసలో అంకెలతో రాసుకుంటే ఉత్తరాలన్నీ కాలక్రమంలో తమంతట తామే సర్దుకుంటాయి. ఎక్కడ సేవ్ అవుతున్నదో పైనున్న పట్టీలో చదివి, డాక్యుమెంట్స్ అని ఉంటేనే ముందుకు పోవాలి. ఇక చెరిపివేత సంగతి. కంప్యూటరులోది చెరిపితే రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది కానీ, పెన్‌డ్రైవ్‌లోది చెరిపినా, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టినా ఆ బుట్టలోకి రాదు. ఈ ఒక్క సంగతి తెలియక మా దుకాణానికి వచ్చినవారు లెక్కలేనంతమంది.

రాగిరేకు:
నకళ్ల మాట కూడా చేర్చండి. “ఒక్క సంకీర్తనే చాలు” అన్నమాట భక్తికి సరిపోతుంది కానీ, ఫైలు విషయంలో ఒక్కటి ఏ మూలకూ చాలదు. కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, ఇంటి కప్పు కింద కాకుండా మరెక్కడో, కూతురింట్లోనో క్లౌడ్‌లోనో, ఒకటి అని మూడు ఉండాలని కంప్యూటరు తెలిసినవారు చెబుతారు. ఆ హార్డ్‌డిస్కును పని అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే కంప్యూటరుకు పట్టిన వైరస్ దానికీ పడుతుంది. అప్పుడప్పుడూ అందులోని ఒక ఫైలు తెరిచి చూసుకోవడం కూడా అవసరం, లేకపోతే అదీ మరో తాళ్లపాక అర అవుతుంది.

నెల్లూరు కోడలు:
ఇవన్నీ రాసుకున్నాను. ఇంకొక సందేహం. పంతులుగారు చెప్పిన చరణాన్ని నా దగ్గరున్న అన్నమయ్య ఫైలులో కంట్రోల్, ఎఫ్ నొక్కి ‘దాచి’ అని వెతికితే ఒక్కటీ రాలేదు. కీర్తన మాత్రం అందులో ఉందని నాకు గట్టిగా తెలుసు.

తెనాలి పంతులు:
మీ ఫైలులో ‘దాఁచి’ అని అరసున్నతో ఉండి ఉంటుంది, అమ్మా. దాఁగు అన్న ధాతువుకు ప్రేరణార్థకం దాఁచు. దాఁగిలిమూఁతల్లోనూ ఆ అరసున్నే. మన కంటికి చిన్న చంద్రవంక గానీ కంప్యూటరుకు అది విడి అక్షరం, కనుక ‘దాచి’, ‘దాఁచి’ దానికి రెండు వేరు మాటలు.

వరంగల్లు డీటీపీ:
అరసున్న పడే అవకాశం లేని ముక్కతో వెతకడం మేలు, ‘సంకీర్తనే’ అని కొట్టి చూడండి. అరసున్నే టైపు చేయాలంటే, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే వస్తుంది. ఉత్త ఎక్స్ నిండుసున్న. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కాలి. అప్పటికీ దొరకకపోతే మీ ఫైలు యూనికోడుకు ముందటి డీటీపీ ఫాంటులో కొట్టినది కావచ్చు. దానిలోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికించండి, తెలుగుకు బదులు పిచ్చిగీతలు వస్తే అది వెతకడానికి పనికిరాని ఫైలే.

నెల్లూరు కోడలు:
‘సంకీర్తనే’ అంటే దొరికింది! “తక్కినవి భాండారాన దాఁచి వుండనీ” అనే ఉంది. మామయ్యగారికి చూపిస్తే, “అయితే నేను నొక్కినది తప్పేమీ కాదన్నమాట” అని తేలికపడ్డారు. పుస్తకంలో మాత్రం ఆ మాట ఉండవలసిన చోట ఇంకా చుక్కలే ఉన్నాయి.

గోదారిగట్టు:
‘పదిలపరచు’ అని రాసెయ్యండి, ఎవరికీ పేచీ ఉండదు.

ఫ్రిమాంట్ తెలుగాయన:
నాకు పేచీ ఉంది. ‘దాచుకో’ ఉండగా మరొక మాట ఎందుకు?

తెనాలి పంతులు:
అరసున్న మాట వచ్చింది కనుక కోడలమ్మగారు అదే ఫైలులో పల్లవి రెండో పాదం కూడా ఒకసారి చూసి చెప్పాలి. “పూచి నీ కీరితి రూప పుష్పములివి” అన్నచోట ‘పూచి’కి అరసున్న ఉన్నదా, లేదా? లేకపోతే వికసించి అని అర్థం, పువ్వులకు సరిపోతుంది. ఉంటే అది పూను నుంచి వచ్చిన పూన్చు, అంటే పూనికతో సమర్పించడం. దాఁగుకు దాఁచు ఎలాగో పూనుకు పూఁచు అలాగే అని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను.

రాగిరేకు:
పువ్వుల పక్కన పూయడం ఉండగా పూనడం ఎందుకొస్తుంది, పంతులుగారూ?

నెల్లూరు కోడలు:
చూశాను, అరసున్న ఉంది.

రాగిరేకు:
ఎవరు టైపు చేసిన ఫైలది?