సర్పంచ్ హామీలు పంచాయతీ ప్రణాళికలోకి ఎక్కాలంటే: ఏది ముందు, ఏ నిధితో?

ప్రశ్న (కొత్త సర్పంచ్, తెలంగాణ):
డిసెంబర్ 2025లో గెలిచాను. మా ఊరి ఓటర్లు 1,850, ఇళ్లు 640. ఎన్నికలప్పుడు ఐదు మాటలు ఇచ్చాం: కాలనీలో సీసీ రోడ్డు, మోరీలు, వీధి దీపాలు, రోజూ నల్లా నీళ్లు, కోతుల బెడద లేకుండా చేయడం. మొదటి ఏడాది ఏది ముందు పెట్టుకోవాలి? కార్యదర్శి ‘జీపీడీపీ (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక)లో పెడదాం మేడమ్’ అంటున్నారు. అందులో పెడితే డబ్బు వచ్చినట్టేనా?

జవాబు (పంచాయతీ కార్యదర్శి):
రాదు మేడమ్. ప్రణాళికలో లేని పనికి బిల్లు చేయడం కుదరదు, ఉన్నంత మాత్రాన డబ్బు పడదు. అందుకే ముందు హామీల జాబితా కాదు, నిధుల జాబితా తీయండి. మీ కార్యదర్శిని మూడు అంకెలు అడగండి: సాధారణ నిధి ఖాతాలో ఉన్న నిల్వ, ఇంటి పన్ను డీసీబీ (డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత), కరెంటు బిల్లు బకాయి. ఈ మూడూ ఒక కాగితం మీదికి వస్తే ఐదు హామీల్లో ఏవి మీ చేతిలో ఉన్నాయో మీకే అర్థమవుతుంది.

కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సుతో వచ్చే డబ్బుకు షరతులుంటాయి. 2025-26తో ముగిసే 15వ ఆర్థిక సంఘంలో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు. అందులో సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి. 40 శాతం అన్‌టైడ్, దాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడకూడదు. కాబట్టి మోరీలు, నల్లాలు టైడ్‌లోకి. సీసీ రోడ్డు, దీపాలు అన్‌టైడ్‌లోకి. చాలా ఊళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. అన్నీ రోడ్లే రాసేస్తారు, అన్‌టైడ్ అయిపోతుంది, టైడ్ డబ్బు ఖాతాలో మూలుగుతుంటుంది. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం లెక్క మొదలవుతుంది. దాని షరతులు ఎంపీవో (మండల పంచాయతీ అధికారి) దగ్గర చూసుకున్నాకే వచ్చే ఏడాది ప్రణాళిక రాయండి, పాత ఫార్మాట్ కాపీ కొట్టొద్దు.

పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు కేటాయించాలని 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కింద నియమం ఉంది. అది పక్కన తీశాకే మిగతా లెక్క.

గ్రామసభ సంగతి: రెండు నెలలకోసారి తప్పనిసరి. జరపకపోతే సర్పంచ్ పదవికే ఎసరు. 1,001 నుంచి 3,000 ఓటర్లున్న ఊరికి కోరం 150 మంది. చాటింపు ఒక్కటే వేయిస్తే అంతమంది రారు. ఉదయం పొలం పనుల వేళ కాకుండా పెట్టి, మహిళా సంఘాల సమావేశం ఉన్న రోజుకు కలపండి. తీర్మానంలో ‘ఊరంతా మోరీలు’ అని రాయించొద్దు. ‘3వ వార్డు, ఫలానా ఇంటి నుంచి ఫలానా కల్వర్టు వరకు, 140 మీటర్లు’ అని ఉండాలి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు పని పేరు, చోటు తీర్మానంతో కలవకపోతే బిల్లు దగ్గర మెలిక పడుతుంది.

జవాబు (పంచాయతీరాజ్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్):
కార్యదర్శి గారు నిధులు చెప్పారు, నేను వరస చెప్తా. రోడ్డు ముందు వేయొద్దు. ముందు నల్లా పైపు, తర్వాత మోరీ, ఆఖరున సీసీ. తలకిందులు చేస్తే ఆర్నెల్లకే రోడ్డు పగలగొట్టాల్సి వస్తుంది. రోడ్డు వేసేటప్పుడే ప్రతి రెండు మూడు ఇళ్లకు ఒక ఖాళీ పీవీసీ పైపు రోడ్డు కింద అడ్డంగా పెట్టించండి. రేపు కొత్త కనెక్షన్ కావాలంటే దాంట్లోంచి లాగొచ్చు.

మోరీకి మొదటి ప్రశ్న: నీళ్లు చివరికి ఎక్కడ పోతాయి? చూపించలేకపోతే ఎస్టిమేట్ వేయించొద్దు. 100 మీటర్లకు అర మీటరు వాలు ఉంటే మట్టి పేరుకోకుండా పారుతుంది. మేస్త్రీ దగ్గరుండే నీళ్ల ట్యూబుతోనే మీరు కొలిపించొచ్చు. వాలు దొరకని గల్లీలో మోరీ కట్టడం అంటే దోమల తొట్టి కట్టడమే. అక్కడ ఇంటింటికీ ఇంకుడు గుంతలు మేలు, నల్లరేగడి అయితే అవీ సరిగ్గా ఇంకవు, అది కూడా చూసుకోండి.

సీసీ రోడ్డు 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకుంటే 100 మీటర్లకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం ఎక్కడ తగ్గిస్తారంటే నడుమ. అంచుల్లో చెక్క ఫారం సరిగ్గానే ఉంటుంది, మధ్యలో మట్టి ఎత్తుగా వదిలేస్తారు. పోసే ముందు రెండు ఫారాల మీద దారం లాగి మధ్యలో టేపు పెట్టి చూడండి, ఒక్క నిమిషం పని. సుమారు 4 మీటర్లకో కోత, కనీసం 14 రోజులు మడులు కట్టి నీళ్లు.

బిల్లు దారి: ఎస్టిమేట్, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, పని, ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలతలు, పై ఇంజనీర్ మళ్లీ కొలిచే చెక్ మెజర్‌మెంట్, చెల్లింపు. మంజూరు కాగితం చేతికి రాకముందు సొంత డబ్బు పెట్టి పని మొదలుపెట్టొద్దు. మూసేసిన పునాదిని తర్వాత ఎవరూ ఎంబీలో రాయరు. పనికి ముందు, మధ్యలో, తర్వాత ఒకే చోటు నుంచి ఫొటోలు ఉండాలి.

ప్రశ్న (అదే సర్పంచ్):
ధన్యవాదాలు సార్. దీపాలు 110 ఉన్నాయి, పగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. ఇంకో 40 కావాలని వార్డు సభ్యులు పట్టుబడుతున్నారు.

జవాబు (లైన్‌మన్):
మేడమ్, కొత్తవి తర్వాత. ముందు థర్డ్ వైర్ వేయించండి. స్తంభం మీద దీపాలకు విడిగా తీగ లేకపోతే ఇంటి లైనుకే కలిపేస్తారు, ఆపే దారే ఉండదు. 110 దీపాలు, ఒక్కోటి 24 వాట్లు అంటే 2.64 కిలోవాట్లు. పగటి 12 గంటలు ఊరికే వెలిగితే రోజుకు దాదాపు 32 యూనిట్లు, నెలకు 950 యూనిట్లు. ట్రాన్స్‌ఫార్మర్‌కో స్విచ్ బాక్సు, అందులో మీటరు, టైమరు పెడితే ఇది ఆగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చవక టైమర్ల గడియారం వెనకబడుతుంది, బ్యాటరీ ఉన్నదే కొనండి. థర్డ్ వైరుకు విద్యుత్ సంస్థ ఏఈకి పంచాయతీ తీర్మానంతో లేఖ ఇచ్చి ఎస్టిమేట్ తీసుకోవాలి. ప్రైవేటు మనిషితో స్తంభం ఎక్కించొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

జవాబు (పంచాయతీ కార్యదర్శి):
నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. అన్నిటికంటే చవకగా, వెంటనే అయ్యేది అదే, మొదటి నెలలోనే పెట్టుకోండి. ట్యాంకు నెలకు మూడుసార్లు, 1, 11, 21 తేదీల్లో కడిగించి ఆ తేదీ ట్యాంకు మీద రాయించండి. 40 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ కలవాలంటే 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పొడి 120 గ్రాములు కావాలి. పొడి నేరుగా చల్లొద్దు. బకెట్లో కలిపి, తేరిన నీళ్లు పోసి, అరగంట ఆగి వదలాలి. ముద్దకట్టిన సంచిలో బలం పోయి ఉంటుంది, దాంతో లెక్క తప్పుతుంది. పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, చివరి ఇంటి నల్లా దగ్గర చేయాలి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. చివరి ఇంటికి నీళ్లే అందకపోతే ముందు గేట్ వాల్వులు, నల్లాలకు బిగించిన మోటార్లు చూడండి. కొత్త బోరు తీర్మానం ఆ తర్వాతే.

ప్రశ్న (ఇంకో సభ్యుడు, వార్డు మెంబర్):
కోతుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా దగ్గర ఓట్లు దాని మీదే పడ్డాయి.

జవాబు (పంచాయతీ కార్యదర్శి):
అన్నా, అది ఒక్క పంచాయతీ తేల్చే పని కాదు కాబట్టి. పట్టేవాళ్లకు తలకింత అని ఇచ్చి పక్క మండలంలో వదిలేయిస్తే వాళ్లూ మీ దగ్గర వదులుతారు. పట్టించే ముందు అటవీ రేంజ్ ఆఫీసుకు లేఖ రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు నిర్మల్ దగ్గర పునరావాస కేంద్రం ఉంది. అక్కడికి పంపే వీలుందో లేదో ఆ లేఖలోనే అడగండి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు ఒకే తీర్మానం చేసి ఎంపీడీవో ద్వారా పంపితే కదలిక ఉంటుంది. ఈలోపు చెత్త సేకరణ రోజూ జరిగేలా, కిరాణా, చికెన్ దుకాణాల దగ్గర వ్యర్థాలు బయట పడేయకుండా చూడండి. తిండి దొరికినన్నాళ్లూ ఎన్ని పట్టినా ఇంకో గుంపు వస్తుంది. ప్రణాళికలో ఈ చెత్త పనిని పారిశుద్ధ్యం కిందే రాయండి, కోతుల్ని పట్టే ఖర్చు మాత్రం సాధారణ నిధిలో విడిగా చూపించండి.