‘విన్యాసాలు’ అంటే సరిపోతుందా?

తిరుపతి నుంచి:
మన వాయుసేన విదేశీ వాయుసేనలతో కలిసి చేసే ‘తరంగ్ శక్తి’ మొదటి విడత 2024 ఆగస్టులో కోయంబత్తూరు దగ్గర సూలూరులో జరిగింది. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్ యుద్ధవిమానాలు మనవాటితో కలిసి ఎగిరాయి. పేపర్లో ‘వైమానిక విన్యాసాలు’ అని చదివాను. అదే సూలూరులో ఉండే సారంగ్ హెలికాప్టర్ల బృందం జనం ముందు కొట్టే గిరికీలూ విన్యాసాలే! రెండింటికీ ఒకటే మాటా?

చిత్తూరు నుంచి:
మాట తప్పేం కాదన్నా. న్యాసం అంటే ఉంచడం. అంగన్యాస కరన్యాసాలు తెలిసినవే కదా. పద్ధతిగా అమర్చితే విన్యాసం. సేనను అమర్చితే సేనావిన్యాసం. కానీ ఎదుటివాడు ఒకడున్నాడని ఆ మాట చెప్పదు. అసలు సంగతంతా వాడి దగ్గరే ఉంది.

అమెరికాలో నెవాడాలోని నెల్లిస్ స్థావరంలో 1975లో ‘రెడ్ ఫ్లాగ్’ అనే గాలిపోరు శిక్షణ ఎందుకు పెట్టారు? వియత్నాం యుద్ధం తర్వాత లెక్కలు చూస్తే, మొదటి పదిసార్లు పోరుకు వెళ్లి తిరిగొచ్చిన పైలట్ ఆపైన బతికే అవకాశం బాగా ఎక్కువని తేలింది. ఆ పదీ ఇంటి దగ్గరే చేయించేద్దాం అనుకున్నారు. నీలం పక్షం, ఎరుపు పక్షం. ఎరుపులో ఉండేదీ సొంత పైలట్లే. ప్రత్యర్థి ఎత్తులు వంటబట్టించుకుని, విమానానికి వాడి రంగులు పూసుకుని మరీ వస్తారు. క్షిపణి నిజంగా వదలరు, తగిలిందో లేదో లెక్క కడతారు. దిగాక రికార్డింగులు ముందేసుకుని గంటల తరబడి ఎవరు ఎక్కడ తప్పారో తవ్వుతారు. నన్నడిగితే చదువంతా ఆ గదిలోనే. ఈ రెడ్ ఫ్లాగ్‌కే మనవాళ్లు 2008లో సుఖోయ్‌లతో నెల్లిస్ వెళ్లారు, 2024లో రఫేల్స్‌తో అలాస్కా వెళ్లారు.

పుత్తూరు నుంచి:
ఆ ఎరుపోళ్లకి మన దగ్గర మాట ఉండనే ఉంది సార్, వేషం! తిరుపతి గంగజాతరలో బైరాగి వేషం, దొర వేషం కట్టినట్టు వీళ్లది శత్రువేషం.

తిరుపతి నుంచి:
భలే పట్టినావబ్బా. మరి మొత్తానికి ‘సాము’ అంటే? కర్రసాములో ఎదురు నిలిచేవాడు ఉంటాడు కదా. ‘గగనసాము’!

చిత్తూరు నుంచి:
పద్యంలో బాగుంటుంది, పేపర్ హెడ్డింగులో నవ్వొస్తుంది. ‘యుద్ధాభ్యాసం’ అందామంటే భారత్, అమెరికా సైన్యాలు కలిసి చేసేదాని పేరే ‘యుధ్ అభ్యాస్’, కలిసిపోతాయి. నా ఓటు ‘వైమానిక పోరు అభ్యాసం’కి. కొంచెం పొడుగే, ఏం చేస్తాం.

పుత్తూరు నుంచి:
సబ్ ఎడిటర్ దాన్ని పేపర్లో రెండు కాలమ్‌ల వెడల్పులో ఇరికించేటప్పటికి మళ్లీ ‘విన్యాసాలే’ అవుతుంది, చూస్తా ఉండండి. సాములో ఎదురు నిలిచేవాణ్ని పిలిచే పాత మాట ఎవరికైనా తెలిస్తే పెట్టండి.