‘ముఖంలో కళ’ను ఏ గుణం కింద లెక్కించాలి?

మనస్తత్వశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. ముఖం చూడగానే మనిషిపై ఏర్పడే అభిప్రాయాలు నా ప్రాజెక్టు అంశం. 2006లో విల్లిస్, టోడోరోవ్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, ముఖాన్ని సెకనులో పదో వంతు మాత్రమే చూసినవారి తీర్పులు కూడా తీరిగ్గా చూసినవారి తీర్పులతో చాలావరకు కలిశాయి. అందం, ఇష్టపడదగినతనం, నమ్మదగినతనం, సామర్థ్యం, దూకుడు అని వాళ్ళు అడిగిన ఐదు గుణాలను తెలుగులో ఎలా అడగాలన్నదే నా చిక్కు.

‘నమ్మకస్తుడా?’ అన్న ప్రశ్న స్త్రీల ఫొటోలకు పనికిరాదు. ముందుగా మా ఊళ్ళో కొందరిని అడిగి చూసినప్పుడు, ఒక పెద్దావిడ ఫొటోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని, మార్కు వేయడానికి కింద ఇచ్చిన 1 నుంచి 9 అంకెలను పట్టించుకోకుండా, “ముఖంలో మంచి కళ ఉందమ్మా” అన్నారు. దీన్ని అందం కింద రాయాలా, మంచితనం కింద రాయాలా? నాకైతే అది రెండింటిలోనూ ఇమడదనిపిస్తోంది, అలాగని వదిలేయడానికి మనసొప్పడం లేదు.

బొట్టు, గడ్డం, టోపీ కనిపిస్తే తీర్పు ముఖాన్ని దాటి మతం మీదికి, కులం మీదికి పోతుందన్న భయం కూడా ఉంది. అవన్నీ చెరిపేస్తే అవి మనం రోజూ చూసే ముఖాలు కావు.

తెలుగువారితో ఇలాంటి సర్వే చేసినవారు ఉంటే, మీరు ప్రశ్నలను ఏ మాటల్లో అడిగారో, ‘కళ’ను విడి ప్రశ్నగా పెట్టవచ్చో లేదో దయచేసి తెలియజేయగలరు.