నరసింహారెడ్డి వెంట నడిచిందెవరు?

ప్రశ్న: మాది కోవెలకుంట్ల పక్క పల్లె. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట అంతమంది ఎట్లా వచ్చారన్నా? జీతాలిచ్చి పెట్టుకున్న సైన్యమా?

జవాబు: కాదు తమ్ముడూ. చాలామంది బోయలు, కట్టుబడి వాళ్లు. ఊరి కాపలా కాసినందుకు వాళ్లకు ఇనాం భూములుండేవి, ఈస్టిండియా కంపెనీ వాటిని లాగేసుకుంటుంటే కడుపు మండి దొరికిన ఆయుధం పట్టుకుని వచ్చేశారు. అందరూ నరసింహారెడ్డికి రావాల్సిన పింఛను గొడవ దగ్గరే ఆగిపోతారు, నాకు అదే బాధ.

ఇంకో జవాబు: నిజమే. ఎదుట కంపెనీ అధికారులు నాట్, వాట్సన్ బలగాలు. వీళ్లకు నల్లమల అడవే అండ. అక్టోబరులో నరసింహారెడ్డిని పేరుసోముల దగ్గర పట్టుకుని, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారంటే ఎంత భయపడ్డారో చూడు.

ప్రశ్న అడిగినతను: థాంక్స్ అన్నా. కట్టుబడి సంగతి మా ఊళ్లో పెద్దోళ్లనూ అడుగుతా.