హైకోర్టు తీర్పులో మా అమ్మాయి పేరు, బడి పేరు: తీయించడం ఎలా?

ప్రశ్న – ఒక తల్లి, విశాఖపట్నం
నమస్కారమండీ. మా విడాకుల కేసులో పాప ఎవరి దగ్గర ఉండాలన్న విషయం అప్పీలు దాకా వెళ్లి, నాలుగేళ్ల క్రితం హైకోర్టులో తేలింది. పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. పోయిన నెలలో తోటి పిల్లలు ఏదో పోటీ ఫలితాల కోసం ఇంటిపేరుతో సహా పాప పేరు వెతికితే, మొదట కనబడింది ఆ తీర్పేనట. పుట్టిన తేదీ, అప్పటి బడి పేరే కాక, పాప రాత్రిళ్లు పక్క తడుపుతోందని నేను అఫిడవిట్‌లో చెప్పుకున్న మాట కూడా అందులో ఉంది. రాయించింది నేనే కనుక ఎవరినీ అనలేకపోతున్నాను. వీటిని తీయించే దారి ఉందా?

జవాబు 1 – న్యాయవాది
ఉందమ్మా. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది విచారణ బహిరంగంగా జరపకూడదు, వివరాలు ప్రచురించకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను మాత్రం కోర్టు ముందస్తు అనుమతితో ప్రచురించవచ్చు. (ఉల్లంఘనకు రాసిన జరిమానా వెయ్యి రూపాయలకు మించదు, ఆ సంగతి అలా ఉంచుదాం.) కుటుంబ వివాదాలలో కక్షిదారులు కోరితే వారి వ్యక్తిగత వివరాలను రిజిస్ట్రీ (హైకోర్టు కార్యాలయం) వెబ్‌సైట్‌లో పెట్టకూడదని కేరళ హైకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. మన హైకోర్టు దానికి కట్టుబడనక్కర లేదు గాని, చూపించదగ్గ తీర్పే. ముగిసిన ఆ అప్పీలులోనే పేర్లకు బదులు అక్షరాలు పెట్టమని దరఖాస్తు వేయించండి. ఉత్తర్వు వచ్చాక దాని నకలు జతచేసి, తీర్పును ఎత్తిపెట్టుకున్న ప్రైవేటు సైట్లకూ, సెర్చ్ ఇంజన్‌కూ విడిగా రాయాలి. కోర్టు సైట్లో మారినంత మాత్రాన అక్కడ మారదు.

జవాబు 2 – విశ్రాంత కోర్టు స్టెనో
పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 33(7) సెక్షన్‌లో బిడ్డ గుర్తింపు అంటే పేరొక్కటే కాదు, కుటుంబం, బడి, బంధువులు, ఇరుగుపొరుగు కూడానని వివరణ ఉంది. అయినా లోపలంతా 'బాధితురాలు' అని రాసి, చివర సాక్షుల జాబితాలో తల్లి పేరు, ఊరు పూర్తిగా టైపు చేసిన తీర్పులు నా చేతి మీదుగానే వెళ్లాయి. మీది ఆ కేసు కాకపోయినా సూత్రం ఒకటే: తీర్పు పైన తల్లిదండ్రులుగా మీ ఇద్దరి పేర్లూ ఉండగా పాప పేరు తీసి లాభం లేదు. మార్చవలసిన చోట్లకు పేజీ, పేరా సంఖ్యలు వేసి ఇవ్వండి. నల్లగీత కొట్టిన పీడీఎఫ్‌ను నమ్మకండి; ఆ గీతను కాపీ చేసి వేరేచోట అతికిస్తే కింది అక్షరాలు బయటపడటం నేను కళ్లారా చూశాను.

జవాబు 3 – న్యాయశాస్త్ర విద్యార్థి
తీర్పునే తొలగించమని మాత్రం అడగకండి మేడమ్. కోర్టులు ఏ కారణంతో బిడ్డను ఎవరికి అప్పగిస్తున్నాయో జనానికి తెలియాలి. పెళ్లికాని తల్లి తండ్రి పేరు వెల్లడించకుండానే బిడ్డకు గార్డియన్ కావచ్చని సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన తీర్పు, ఆ తల్లి అసలు పేరుకు బదులు 'ఏబీసీ' అన్న పేరుతోనే ఉంది. దాన్ని చదవడానికి ఎవరికీ అడ్డు రాలేదు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. 11వ పేరాలోని ఆ పక్క తడిపే వాక్యాన్ని కూడా తీయమనవచ్చా?

జవాబు 1 – న్యాయవాది
అడగవచ్చమ్మా, కానీ రెండో కోరికగా పెట్టండి. పాపను మీకు అప్పగించడానికి కోర్టు ఆ మాటనే ఆధారం చేసుకుని ఉంటే, దాన్ని తీసేయడానికి వెనకాడుతుంది.