తెగించడమా, ఎదురొడ్డడమా: ఇద్దరి పోకర్‌లో ‘కాల్’కు తెలుగు మాట

ఇద్దరే మిగిలిన పోకర్ ఆటలో ఎదుటివారు పెద్ద పందెం కాసినప్పుడు దానికి ‘కాల్’ చేయడాన్ని, అంటే అంతే మొత్తం తానూ పెట్టి ఆటలో నిలవడాన్ని, తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు ఇక్కడ ఎక్కువమంది మిత్రులు ‘తెగించడం’ అని బదులిచ్చారు. ఆ మాట ఇక్కడ నప్పదని నా అభిప్రాయం. కారణం కొంచెం వివరంగా రాస్తున్నాను.

‘తెగించు’ అన్నది ‘తెగు’ నుంచి వచ్చింది. డబ్బు మీదో, ప్రాణం మీదో, పరువు మీదో ఆశ తెంచుకున్నవాడే తెగిస్తాడు. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న సామెతలో ఆ మాట స్వభావమంతా ఉంది: అతనికి తెడ్డుకూ లింగానికీ తేడా పట్టదు. చేతిలో సరైన ముక్కలు లేకపోయినా తన ముందున్న చిప్స్ (పందెపు బిళ్ళలు) అన్నిటినీ బల్ల మధ్యకు తోసేవాడికి ఈ మాట చక్కగా అతుకుతుంది. ఆ పందేన్ని చూస్తూ కూర్చున్న రెండోవాడి పని మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. ఎదుటివాడు చూపుతున్నది తెడ్డో లింగమో అతను గుర్తుపట్టాలి.

ఆ పని ఎంత సూక్ష్మమైనదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఇద్దరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే ముక్కల్లో చివరిది కూడా పడిందనీ, పాట్‌లో, అంటే అప్పటిదాకా పోగైన పందెంలో, 1,000 చిప్స్ ఉన్నాయనీ, ఎదుటివాడు మరో 1,000 కాశాడనీ అనుకుందాం. నేను 1,000 పెడితే గెలిచేది 2,000 కాబట్టి, ఇలాంటి సందర్భాలు మూడు వస్తే అందులో ఒక్కసారి గెలిచినా నాకు నష్టం లేదు. అతను 500 మాత్రమే కాసి ఉంటే నాలుగింటిలో ఒక్కసారి చాలు. కాబట్టి ఈసారి నేను గెలుస్తానా అన్నది అసలు ప్రశ్నే కాదు. నేను కట్టే వెలకు తగినన్ని సార్లు అతను బొంకుతున్నాడా అన్నదే ప్రశ్న. ఇద్దరి ఆటలో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. తొమ్మిదిమంది కూర్చున్న బల్ల దగ్గర మంచి ముక్కలు వచ్చేదాకా ఓపిక పట్టవచ్చు గానీ, ఇద్దరే ఉన్నప్పుడు పంచిన ప్రతిసారీ ఇద్దరూ బ్లైండ్ (ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందెం) కట్టవలసిందే కాబట్టి, ఓపిక పట్టినకొద్దీ చిప్స్ కరిగిపోతాయి. అందువల్ల ఇద్దరూ అంతంతమాత్రపు ముక్కలతోనే దిగుతారు, మామూలు జతకు కూడా విలువ వస్తుంది, బొంకడానికీ అవకాశాలు ఎక్కువవుతాయి. ఒక్కోసారి నా చేతిలోని ఒక్క ముక్కే తూకాన్ని మార్చేస్తుంది: బల్ల మీద మూడు ఇస్పేట్లు ఉండి, ఇస్పేటు ఆసు నా దగ్గర ఉంటే, ఆసుతో కూడిన ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) అతని దగ్గర ఉండే వీలే లేదు. ఇంత తూచి చేసే పనికి తెగింపు అని పేరు పెట్టడం అన్యాయం.

నా సూచన ‘ఎదురొడ్డడం’. పందెం ఒడ్డడం మన భాషలో పాత మాటే. ‘ఒడ్డు’ క్రియకు చాచడం, ముందుకు పెట్టడం అన్న అర్థాలున్నాయి. వల ఒడ్డడంలోనూ, ప్రాణాలొడ్డి పోరాడడంలోనూ ఉన్నది అదే. ‘ఎదురొడ్డి నిలిచాడు’ అని మనం తరచుగా రాస్తూనే ఉన్నా, దానిలోని ఒడ్డును గమనించడం మానేశాం. ఒకడు ఒడ్డుతాడు, రెండోవాడు ఎదురొడ్డుతాడు. వేరే మాట పుట్టించవలసిన అవసరం లేకుండా ఇద్దరి పనీ ఒకే క్రియలో ఇమిడిపోతుంది, ఇది నాకు ఎంతో నచ్చిన విషయం.

ఒక నిజమైన ఆటకు ఈ మాటను అన్వయించి చూడండి. 2003లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ పోటీల ప్రధాన పోటీలో చివరికి క్రిస్ మనీమేకర్, సామీ ఫర్హా మిగిలారు. ఒక ఆటలో బల్ల మీద మూడు ఇస్పేట్లు పడ్డాయి. ఫర్హాకు తొమ్మిదుల జత, ఇస్పేటు రాణి ఉన్నాయి. మనీమేకర్‌కు ఫ్లష్ కుదరలేదు, వరుస కుదరలేదు, ఒట్టి రాజు మిగిలాడు. అయినా చివరి ముక్క పడ్డాక తన చిప్స్ అన్నీ కాశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి ముక్కలు వదిలేశాడు. ఇప్పుడు ‘మనీమేకర్ తెగించాడు, ఫర్హా తెగించలేదు’ అంటే ఫర్హా పిరికివాడన్న ధ్వని వస్తుంది. ‘మనీమేకర్ తెగించి ఒడ్డాడు, ఫర్హా ఎదురొడ్డలేదు’ అంటే జరిగింది జరిగినట్టు ఉంటుంది.

*

పైన ఒక మిత్రుడు, ‘రెయిజ్ కూడా ఎదురొడ్డడమే కదండీ, రెంటినీ ఎలా వేరుచేస్తారు?’ అని అడిగారు. మంచి అభ్యంతరమే. రెయిజ్‌కు ‘పెంచడం’ అన్న తేలికైన మాట ఉంది, దానిని అక్కడే ఉంచుదాం. ఒడ్డినంతకు అంతే ఒడ్డడాన్ని మాత్రమే ఎదురొడ్డడం అందాం. చిన్నచిన్న పందేలకు, మొదటి ముక్కలు పంచినప్పుడు కట్టే కాల్‌కు ఇంత బరువైన మాట అక్కర లేదు, ‘సరిపెట్టడం’ చాలు. అంతా ఒక్క నిర్ణయం మీద ఆధారపడిన చోటే ఎదురొడ్డడం వాడాలని నా మనవి.

మరొక చిన్న సంగతి. వదిలేసినవారికి ఎదుటివారు తమ ముక్కలు చూపించాలన్న నియమం లేదు కాబట్టి, వారికి నిజం తేలకుండానే ఉండిపోతుంది. ఎదురొడ్డితేనే ముక్కలు తిరగబడతాయి. ఆ తిరగబడే ఘట్టానికి, అంటే ‘షోడౌన్’కు, కొత్త మాట వెదకనవసరం లేదు, మనకు ‘అమీతుమీ’ ఉంది. బెంగాలీలో ఆమి అంటే నేను, తుమి అంటే నువ్వు; మరాఠీలో ఆమ్హీ, తుమ్హీ అంటే మేము, మీరు. మనకు ఎటునుంచి వచ్చినా, ‘అమీతుమీ తేల్చుకోవడం’లో ఇద్దరే ఉన్నారు.